నిద్రపోని ఎర్రలైటు

రిమోట్‌తో ఆపితే ఆగినట్టేనా? కరీంనగర్‌లో ఒక పాత టీవీ మెకానిక్ ఇంట్లో ఈ ప్రశ్న ఖరీదు వెయ్యి రూపాయల పైచిలుకు.

రాత్రి పదిన్నర దాటితే ఆ ఇంట్లో ఒక తంతు మొదలవుతుంది. డెబ్బైకి దగ్గరపడిన పెద్దాయన మంచం దిగి, లైటు వేయకుండా, గోడ తడుముకుంటూ గదులన్నీ తిరుగుతారు. చేతికి అందిన స్విచ్చునల్లా ఆపేస్తారు. వంటింట్లో మిక్సీ స్విచ్చు, ముందు గదిలో కోడలి కుట్టుమిషన్ మోటారు స్విచ్చు, చివరికి మనవరాలి తల దగ్గర సెల్‌ఫోన్ చార్జర్ స్విచ్చు. ఫోన్ సగమే చార్జ్ అయిందని ఆ పిల్ల పొద్దున గొణుక్కోవడం, ఆయన విననట్టు పేపర్ చదువుకోవడం ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారమే. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 2024 మే నెల కరెంటు బిల్లు వచ్చేదాకా.

ఆ ఏడాది మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఇవ్వడం మొదలైంది. మార్చిలో ఆ ఇంటికి సున్నా బిల్లు వచ్చింది, ఏప్రిల్‌లోనూ అంతే. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే కొడుకు ఆ రెండు చీటీలను దేవుడి పటం వెనక పెట్టాడు. మేలో ఎండలు ముదిరాయి, కూలర్ పగలూ రాత్రీ తిరిగింది. రీడింగ్ తీసే కుర్రాడు చేతి మిషన్ నుంచి చించి ఇచ్చిన చీటీలో 211 యూనిట్లు ఉన్నాయి.

ఈ పథకంలో మెలిక అక్కడే ఉంది. 200 దాటితే పైన కాలిన 11 యూనిట్లకు మాత్రమే కట్టడం కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు. మిగతా 11 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల చొప్పున 84 రూపాయల 70 పైసలు. యూనిట్ల లెక్కే 1,104 రూపాయలు దాటింది, పై ఛార్జీలు వేరు. కోడలి లెక్కలో అది పది పన్నెండు జాకెట్ల కుట్టుకూలి. అంటే నాలుగు రోజులు మెడ వంచి కూర్చోవడం.

ఆ రాత్రి అన్నాల దగ్గర పెద్దాయన నోరు జారారు. “రాత్రంతా చార్జర్లు గోడకు పెట్టి పంటే బిల్లు రాక ఏమొస్తది?” అన్నారు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న మనవరాలు తల ఎత్తింది. “వెయ్యి రూపాయలు నా చార్జరే తిన్నదా తాతా?” అని అడిగి, సగం తిన్న కంచం తీసుకుని లేచి వెళ్లిపోయింది. కోడలు మామను ఏమీ అనలేదు. గిన్నెలు మాత్రం ఆ రోజు కాస్త గట్టిగానే చప్పుడయ్యాయి.

నిజానికి కరెంటు గురించి ఆ ఇంట్లో మాట్లాడే హక్కు ఎవరికైనా ఉంటే అది ఆయనకే. ముప్పయ్యేళ్లు టీవీలు బాగుచేసిన మనిషి. 1980లలో దుకాణం తెరిచినప్పుడు బల్ల మీదికి వచ్చినవన్నీ నలుపు తెలుపు సెట్లు. చెక్క పెట్టె, పక్కకు జరిపే తలుపు, తిప్పితే టకటకమనే చానల్ నాబ్. ఆపే నాబ్ తిప్పితే కరెంటు సెట్టు గుమ్మంలోనే ఆగిపోయేది. తెర మధ్యలో తెల్లటి చుక్క ఒకటి కాసేపు మిణుకుమని ఆరిపోయేది. చుక్క ఆరిందంటే టీవీ నిజంగానే ఆరినట్టు. 1987లో ఆదివారం పొద్దున రామాయణం అయిపోయాక ఊరూరా ఆరింది ఆ చుక్కే.

తర్వాత రిమోట్ వచ్చింది. మంచం మీద నుంచి బటన్ నొక్కితే టీవీ లేవాలంటే, ఆ నొక్కుడు వినడానికి లోపల ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి కదా. ఒక సెన్సర్, ఒక చిన్న చిప్, వాటికి అయిదు వోల్టులో అంతకు తక్కువో అందించే చిన్న సప్లై ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి. తెర చీకటైనా, మాట ఆగినా, మూలన ఎర్రలైటు వెలుగుతూ ఉండేది అందుకే. ఇంటిల్లిపాదీ పడుకున్నాక ఒక చెవి గేటు వైపు వేసి కూర్చునే వాచ్‌మన్ లాంటి ఏర్పాటు అది. దానికి పేరు స్టాండ్‌బై. వాచ్‌మన్‌కు జీతం ఇవ్వాలి, ఈ ఎర్రలైటుకూ ఇవ్వాలి. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో ఆ జీతం అయిదారు వాట్లు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ.

ఆయనకు ఇది పుస్తకాల్లో చదివి తెలిసిన విషయం కాదు. రిపేరుకు వచ్చిన సెట్లు విప్పితే తరచూ ఉబ్బిపోయి కనిపించే కెపాసిటర్లు ఆ స్టాండ్‌బై సప్లైలోవే. మిగతా భాగాలకు రాత్రి విశ్రాంతి దొరుకుతుంది, వాటికి దొరకదు. ఇక మే నెలాఖరులో మొదటి ఉరుముల వాన పడిన మర్నాడు దుకాణం ముందు వరుస కట్టేవారు. అందరిదీ ఒకటే కథ. రాత్రి రిమోట్‌తో ఆపాం, పొద్దున వేస్తే పలకలేదు. రిమోట్ ఆపింది తెరను మాత్రమేనని, కరెంటు సెట్టు లోపల కూర్చునే ఉందని, పిడుగు దెబ్బ ఆ దారినే వచ్చిందని ఆయన ప్రతి ఏడాదీ కొత్తగా చెప్పాల్సి వచ్చేది. రాత్రిపూట స్విచ్చులు ఆపుతూ తిరిగే అలవాటు ఆయనకు అక్కడ పట్టుకున్నదే. అది పొదుపు కోసం మొదలైంది కాదు, భయం కోసం మొదలైంది. పలుచటి టీవీలు వచ్చి, ప్యానెల్ పోతే బాగుచేయించడం కన్నా కొత్తది కొనడమే నయమనే కాలం వచ్చాక దుకాణం మూసేశారు. అలవాటు మాత్రం మిగిలింది.

బిల్లు గొడవ జరిగిన మూడో రోజు ఆదివారం. మనవరాలే ముందు మాట కలిపింది. “లొల్లి ఎందుకు తాతా, కొలుద్దాం” అంది. ఎలా కొలవాలో ఆయనకు తెలుసు. గుమ్మం పక్కన బిగించిన కరెంటు మీటరు మీద 3200 అని ఒక అంకె ఉంది, దాని దగ్గరే చిన్న ఎర్ర దీపం. ఆ దీపం 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడవడం. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే మిగతాది హైస్కూలు లెక్క. ఒక మెరుపుకూ ఇంకో మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1,125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు వాడుతోందో తెలిసిపోతుంది. మీటరు మీది అంకె 1600 అయితే 1,125 స్థానంలో 2,250 పెట్టుకోవాలి.

లైట్లు, ఫ్యాన్లు, కూలర్ ఆపేశారు. ఫ్రిజ్ ప్లగ్గు అరగంట సేపు పీకేశారు. టీవీని రిమోట్‌తో ఆపారు. మిగతా వస్తువులు రోజూ రాత్రి ఎలా ఉంటాయో అలాగే ఉంచారు. అందరూ చెమటలు కక్కుతూ మీటరు ముందు నిలబడ్డారు. ఏమీ నడవని ఇంట్లో దీపం మెరవకూడదు. మెరిసింది. మనవరాలు ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టింది. సరిగ్గా 40 సెకన్లకు మళ్లీ మెరిసింది. అంటే 28 వాట్లు. చిన్న సంగతే అనిపిస్తుంది గానీ, నెలకు 720 గంటలు. 28ని 720తో గుణిస్తే 20 యూనిట్లు. ఇల్లంతా పడుకున్నా ఆ ఇల్లు నెలకు 20 యూనిట్లు తింటోంది. వాళ్లు గీత దాటింది 11 యూనిట్లతో.

ఇప్పుడు ఒక్కోటీ తీయడం మొదలుపెట్టారు. మొదట, ఆయన పట్టుబట్టిన ప్రకారం, ఫోన్ చార్జర్లు. మళ్లీ లెక్కపెడితే 40 సెకన్లే. ఫోన్ తగిలించకుండా గోడకు వదిలేసిన ఇప్పటి చార్జర్ వాడుకునేది వాట్‌లో చిన్న భాగం. ఏడాదంతా అలాగే ఉంచినా ఒకటి రెండు యూనిట్లు దాటడం కష్టం. తర్వాత టీవీ. అది కొన్నేళ్ల కిందట కొన్న ఎల్‌ఈడీ సెట్టు. 40 దాటీ దాటనట్టు కదిలింది, అంతే. ఆ తర్వాత కొడుకు షోకేసు జరిపి, గోడ మూలన ఉన్న కేబుల్ సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు పీకాడు. దీపం 66 సెకన్లకు గానీ మెరవలేదు. 28 వాట్లు 17కు పడిపోయాయి. ఒక్క బాక్సే 11 వాట్లు.

బాక్సు పక్కనే ఆయన పాటలు వినే మ్యూజిక్ సిస్టం ఉంది. ఎవరో రిపేరుకు ఇచ్చి తిరిగి రాకపోతే దుకాణం మూసిన రోజు ఇంటికి తెచ్చుకున్నది. దాని బటన్ నొక్కితే పాట ఆగుతుంది గానీ లోపలి బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆగదు. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. దాని ప్లగ్గు తీస్తే మెరుపుకు మెరుపుకు మధ్య 140 సెకన్లు. ఇంకో 9 వాట్లు పోయాయి. మిగిలిన 8 వాట్లు ఇంటర్నెట్ రూటర్‌వి. అదీ ఆపాక పది నిమిషాలు నిలబడి చూసినా దీపం మెరవలేదు.

మనవరాలు గెలిచినట్టు నవ్వలేదు. ఆయనకు అదే ఎక్కువ కష్టంగా తోచింది. 28 వాట్లలో 20 వాట్లు ఆయన సొంత మూలవే. రాత్రి వార్తలు చూస్తూ కునుకు వస్తే రిమోట్‌తో ఎర్ర బటన్ నొక్కి పడుకునేది ఆయనే, పాటల పెట్టె కూడా ఆయనదే. ఇరవై నాలుగు గంటల్లో టీవీ చూసే అయిదు గంటలు తీసేస్తే, మిగతా 19 గంటలు బాక్సు ఉత్తపుణ్యానికి వెలిగినందుకు నెలకు 6 యూనిట్లు. రోజుకో గంట పాటల కోసం మిగతా 23 గంటలూ వెచ్చగా కూర్చున్న పెట్టెకు మరో 6 యూనిట్లు. రెండూ కలిపితే పన్నెండు. బిల్లు గీత దాటింది పదకొండుతో.

మరి రోజూ రాత్రి ఇల్లంతా తిరిగే మనిషి వాటిని ఎందుకు ఆపలేదు? కారణం చాలా మామూలుది. ఆ స్విచ్ బోర్డు షోకేసు వెనక ఉంది. చెయ్యి అందదు. ఉరుములు వినిపించిన రాత్రి కొడుకు చేత షోకేసు జరిపించి ప్లగ్గులు పీకించేవారు. మామూలు రోజుల్లో ఎవరు జరుపుతారు? ఇన్నేళ్లూ ఆయన ఆపింది చేతికి అందినవాటిని, కరెంటు కాలుతున్నవాటిని కాదు. మిక్సీకి, కుట్టుమిషన్‌కు స్టాండ్‌బై అనేదే లేదు. పని అయిపోతే అవి అసలు ఏమీ వాడవు. ఆ స్విచ్చులు ఆపి హాయిగా పడుకున్న మనిషికి, ఆపలేనివి గుర్తుకు రాలేదు. చాలా ఇళ్లలో పొదుపు ఇలాగే నడుస్తుంది. కంటికి కనిపించే వస్తువు మీద, ఎదురు చెప్పలేని మనిషి మీద మొదలవుతుంది.

సెట్‌టాప్ బాక్సు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అది చాలా ఇళ్లలో ఉన్న మోసం. 2012లో మహానగరాలతో మొదలైన కేబుల్ డిజిటలీకరణ 2017 నాటికి చిన్న ఊళ్లకూ చేరింది. అంతకుముందు కేబుల్ తీగె నేరుగా టీవీలోకి వెళ్లేది. ఆ తర్వాత మధ్యలో ఒక పెట్టె వచ్చి కూర్చుంది. రిమోట్‌తో ఆపితే లైటు రంగు మారుతుంది, బొమ్మ ఆగుతుంది. లోపల మాత్రం సిగ్నల్ అందుకునే భాగం, చానళ్ల అనుమతులు సరిచూసే భాగం దాదాపు యథాప్రకారం నడుస్తూనే ఉంటాయి. అందుకే చాలా పాత బాక్సుల్లో నడిచేటప్పటికీ ఆపినప్పటికీ మధ్య తేడా ఒకటి రెండు వాట్లు మించదు. ఎర్రలైటు చూసి పడుకుంది అనుకుంటాం. అది కళ్లు మాత్రమే మూసుకుంది.

ఈ మెలకువ ఖర్చును ప్రపంచం గుర్తించి పాతికేళ్లు దాటింది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్త అలెన్ మేయర్, స్టాండ్‌బైలో ఏ వస్తువూ ఒక వాట్ మించి వాడకూడదని 1990ల చివర్లో ప్రతిపాదించారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో దాన్ని తన లక్ష్యంగా తీసుకుంది. 2001లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్, ప్రభుత్వ కార్యాలయాలు కొనే పరికరాలకు ఇదే హద్దు పెడుతూ ఉత్తర్వు ఇచ్చారు. యూరోపియన్ యూనియన్ 2010లో చాలా గృహోపకరణాలకు ఒక వాట్‌ను, 2013 నుంచి అర వాట్‌ను హద్దుగా చేసింది. కరీంనగర్ ఇంట్లో టీవీ తీసినప్పుడు మీటరు దీపం పెద్దగా కదలకపోవడానికి ఈ ఒత్తిడే కారణం. ఒకరి కోసం తయారుచేసిన పొదుపు చిప్ అందరి టీవీల్లోకీ వచ్చేస్తుంది. నెట్‌వర్క్‌కు అంటుకుని ఉండే బాక్సులు, రూటర్లకు మాత్రం ఆ హద్దు సరిపోలేదు. వాటికి వేరే, కాస్త వదులైన నిబంధనలు పెట్టాల్సి వచ్చింది. మన దగ్గర 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో నక్షత్రాల లేబుళ్లు మొదలుపెట్టింది. దుకాణంలో ఫ్రిజ్ మీద నక్షత్రాలు లెక్కపెట్టే కొనుగోలుదారు, కేబుల్ అబ్బాయి తెచ్చి బిగించే పెట్టె ఎన్ని వాట్లదని అడగడు.

ఒక్క ఇంటి 10 వాట్లు ఎవరికీ పట్టవు. కానీ ఒక కోటి ఇళ్లలో 10 వాట్ల చొప్పున ఊరికే కాలితే అది 100 మెగావాట్లు, రాత్రింబవళ్లు. ఆ ఇంటికి ఎంతో దూరం లేని రామగుండంలో ఎన్‌టీపీసీ తొలినాళ్ల యూనిట్లు ఒక్కోటి 200 మెగావాట్లవి. అలాంటి ఒక యూనిట్‌లో సగం, ఎవరూ చూడని ఎర్రలైట్ల కోసం బొగ్గు మండిస్తూ ఉన్నట్టు లెక్క.

కొలత సంగతి వీధిలో పాకింది. పక్కింటాయన వచ్చి, మాటిమాటికీ ఆపి వేస్తే ఎక్కువ కరెంటు లాగుతుందట కదా అన్నాడు. వేసిన క్షణంలో ఎక్కువ లాగే మాట నిజమేనని, అది సెకన్‌లో చిన్న ముక్క సేపేనని, మీటరు అంకె కదలడానికి అది చాలదని పెద్దాయన చెప్పారు. అయితే అన్నీ ఆపేయమని చెప్పలేదు. ఫ్రిజ్ జోలికి పోవద్దు. ఇంక్‌జెట్ ప్రింటర్‌ను గోడ దగ్గర ఆపేస్తూ ఉంటే, వేసిన ప్రతిసారీ మూతి కడుక్కోవడానికి సిరా ఖర్చుచేస్తుంది. దాన్ని దాని బటన్‌తోనే ఆపాలి. ఖరీదైన ఓఎల్‌ఈడీ టీవీలు ఆపాక కొంతసేపు తెరను తామే సరిచేసుకుంటాయి. ఆపీ ఆపగానే ప్లగ్గు పీకకూడదు. సెట్‌టాప్ బాక్సు మళ్లీ వేస్తే చానళ్లు రావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టాలి. ఉరుములప్పుడు స్విచ్చు ఒక్కటే చాలదు, ప్లగ్గూ కేబుల్ తీగా రెండూ పీకాలి. అంతకు మించి భయపడాల్సింది ఏమీ లేదు.

మర్నాడే ఆయన బజారుకు వెళ్లి, ఒక్కో ప్లగ్గుకు ఒక్కో స్విచ్చు ఉండే ఎక్స్‌టెన్షన్ బోర్డు కొనుక్కొచ్చారు. షోకేసు వెనక నుంచి తీగె లాగి, మంచం మీద నుంచి చేయి చాపితే అందేలా గోడకు బిగించారు. చాన్నాళ్ల తర్వాత ఇంట్లో సోల్డరింగ్ వాసన వచ్చింది, పాత రూటర్ అడాప్టర్ తీగె తెగితే అదీ అతికించారు. తర్వాత మనవరాలి మార్కర్ పెన్ను అడిగి తీసుకుని స్విచ్చుల కింద “బాక్సు”, “పాట”, “నెట్” అని రాశారు. ఫ్రిజ్ స్విచ్చు మీద “ముట్టొద్దు” అని అట్టముక్క అంటించారు. తప్పయింది అని నోటితో అనలేదు. ఆ తరం మనుషులు అలా అనరు. “చార్జర్ ఉండనీ బిడ్డా, నేను ఇగ బంద్ చెయ్య” అని మాత్రం అన్నారు. “నెట్ నేను చదువుకునేదాకా ఉండాలె. పండుకునే ముందు నేనే బంద్ చేస్త” అంది మనవరాలు. నెలకు రెండు యూనిట్ల లోపు బేరం అది. ఇద్దరికీ కుదిరింది.

జూన్‌లో వానలు పడి కూలర్ మూలకు చేరింది, బిల్లు మళ్లీ సున్నా అయింది. దాన్ని స్విచ్చుల గొప్పగా ఆయన ఒప్పుకోలేదు. మళ్లీ మే రానిమ్మన్నారు. 2025 మే బిల్లులో 196 యూనిట్లు వచ్చాయి. కొడుకు చీటీ చూసి గట్టిగా నవ్వాడు. పెద్దాయన మాత్రం ఆ ఏడాది మేలోనే వానలు పడ్డాయని, రుతుపవనాలు మే 24కే కేరళకు వచ్చేశాయని, కూలర్ తిరిగిన రోజులు తగ్గాయని గుర్తుచేశారు. 15 యూనిట్లలో వాన వాటా ఎంతో, బోర్డు వాటా ఎంతో చీటీ చెప్పదు. మీటరు చెబుతుంది. ఆ ఆదివారం మళ్లీ లెక్కపెట్టారు. బాక్సు, పాట స్విచ్చులు ఆపి, నెట్ ఒక్కటే ఉంచితే మెరుపుకు మెరుపుకు మధ్య 140 సెకన్లు. కిందటేడాది రాత్రుళ్లు అది 40.

కోడలు రెండో చీటీని కూడా దేవుడి పటం వెనక పెట్టింది. ఇప్పుడు రాత్రి పదిన్నరకు పెద్దాయన ఇల్లంతా తిరగడం లేదు. మంచం మీద నుంచే చేయి చాపి రెండు స్విచ్చులు ఆపి, అటు తిరిగి పడుకుంటారు. గదిలో ఒకే ఒక్క చిన్న లైటు, రూటర్‌ది, మిగిలి ఉంటుంది. పుస్తకం మూసిన చప్పుడు వినిపించాక, కాసేపటికి అదీ ఆరిపోతుంది.